నాలుగు బెజ్జాల ప్లేటు

ఆ రోజు పొద్దున తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పగానే చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు లేకుండా తలుపు తీసుకుని, ఒంటరిగా స్కానింగ్ సెంటరుకి వెళ్ళిపోవాలి. తొమ్మిదిన్నరకి మెడకి ఎమ్మారై స్కాన్. పదకొండుకల్లా ఫిల్ములు చేతికొస్తాయి. వాటిని ఒంటిగంటలోపు నరాల డాక్టరుకి చూపించాలి, ఎందుకంటే ఆ డాక్టరు మధ్యాహ్నం నుంచి నెల రోజులు సెలవు. ఊళ్ళో ఎవరి తలుపైనా చప్పుడు లేకుండా తీయగల మనిషికి సొంతింటి తలుపు ఒక లెక్కా?

కుళాయి చప్పుడు వినబడింది. తలుపు తీశాడు. గుమ్మం బయట మెట్టు మీద భార్య తల దువ్వుకుని, చెప్పులు వేసుకుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"నువ్వు స్నానానికి వెళ్ళావు కదే!"

"ఐదింటికే అయింది. మీరు త్వరగా బయల్దేరతారని కుళాయి తిప్పేసి, పెరటి దారిన ఇలా వచ్చాను. వెళ్ళి కట్టేసి రండి, పోదాం."

తాళాలాయన వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చాడు. పథకం అక్కడితో సరి.

ఆయన బతుకంతా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మీదే నడిచింది. తాళం లోపల ఉండే సన్న పిన్నులు కంటికి కనబడవు. ఊచ లోపలికి పెట్టి వాటిని వేళ్ళతో వినాలి అంటాడాయన. మూడు నెలలుగా ఆ వేళ్ళకి వినబడటం మానేసింది. మొదట తడి తువ్వాలు పిండుతుంటే చేతిలోంచి జారిపోయింది. పదేళ్ళ కిందట భార్య వాళ్ళ అక్క ఇంటికెళ్ళి నలభై రోజులుండి, ఎడమ మణికట్టు బెణికి తిరిగొచ్చినప్పటి నుంచి బట్టలు పిండే పని ఈయనదే. ఆ తర్వాత దుకాణంలో తాళంచెవులు జారడం మొదలెట్టాయి. పోయిన వారమంతా కలిపి ఒక్క తాళం కూడా తీయలేకపోయాడు. "మెడలో నరం నొక్కుకుపోతున్నట్టుంది, స్కాన్ చూస్తే గాని చెప్పలేను. ఆలస్యమైతే మాత్రం ఆ స్పర్శ తిరిగి రాదు" అన్నాడు నరాల డాక్టరు. ఆ మాట విన్న రోజు ఆయన దుకాణంలో ఒక పాత తాళాన్ని అరచేతిలో పెట్టుకుని సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాడు. నిజంగా భయం వేసింది.

మరి అంత ముఖ్యమైన స్కానుకి భార్యని తప్పించుకుని వెళ్ళడమెందుకు? ముందురోజు సెంటరు నుంచి ఫోన్ చేసిన అమ్మాయి, "ఒంట్లో లోహం ఏదైనా ఉంటే తప్పకుండా చెప్పాలండీ, దాని కాగితాలుంటే తీసుకురండి" అంది. ఉంది. ఎడమ మోకాలి కింద, ఎముకని అంటిపెట్టుకుని, ఇరవై రెండేళ్ళుగా నాలుగు బెజ్జాల ప్లేటు ఒకటి ఉంది. చిక్కల్లా ఏమిటంటే, భార్య లెక్కలో అది ఇరవై ఒక్క ఏళ్ళ కిందటే బయటికొచ్చేసింది.

అప్పట్లో స్కూటర్ మీద నుంచి పడి కాలు విరిగితే ప్లేటు వేశారు. ఇకముందు ఇంటిల్లిపాదీ స్కూటర్ ముట్టుకోకూడదని ఆవిడ ఒట్టు వేయించింది, తనూ వేసింది. ఏడాది తిరిగాక, "కావాలంటే ప్లేటు తీయించుకోవచ్చు, ఉంచుకున్నా నష్టం లేదు" అన్నాడు ఎముకల డాక్టరు. తీయించుకోవాల్సిందే అంది భార్య. ఆ వారం ఆవిడ పనిచేసే రికార్డు రూములో తనిఖీ నడుస్తోంది, సెలవు దొరకలేదు. "చిన్న పనేలే, ఒక్కణ్ణే వెళ్ళొస్తాను" అని ఈయన ధైర్యంగా సంచి పుచ్చుకుని బయల్దేరాడు. ఆసుపత్రి గేటు దాకా ఆ ధైర్యం బాగానే ఉంది. గేటు దగ్గర ఎవరినో స్ట్రెచర్ మీద లోపలికి తోసుకెళ్తుంటే చూశాడు. అంతే, ఆ కాలితోనే వెనక్కి పరుగు.

రెండు రోజులు దుకాణంలో షట్టర్ దించుకుని కూర్చున్నాడు. ఇంటికెళ్తే ప్లేటేదీ అని అడుగుతుంది. అందుకని ఒక ఇనుప ముక్క తీసుకుని, ఆకురాయితో అరగదీసి, నాలుగు బెజ్జాలు వేసి, మొహం కనబడేలా పాలిష్ పట్టాడు. కాలికి తనే కట్టు కట్టుకుని, కుంటుకుంటూ ఇంటికొచ్చి ఆ ముక్కని భార్య చేతిలో పెట్టాడు. ఆరు వారాలు ఆవిడ మంచం దగ్గరికే అన్నం తెచ్చి పెట్టింది. ఆయన తలెత్తకుండా తిన్నాడు. ఆ ముక్కని ఆవిడ కళ్ళజోడు పెట్టెలో దూది పరిచి దాచింది. ఇంటికి ఎవరొచ్చినా తీసి చూపించి, "ఇంతటిదాన్ని ఏడాది పాటు కాల్లో మోశారు పాపం" అనేది. అదేమి అలవాటో, అలా అంటున్నప్పుడు వచ్చినవాళ్ళ మొహం కాకుండా భర్త మొహమే చూసేది.

ఆవిడ ముప్పై ఏళ్ళు రికార్డు రూములో చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో ప్రతి కాగితానికీ ఒక కవరు, ప్రతి కవరుకీ ఒక నంబరు. ఇల్లంతా అంత పద్ధతిగా ఉంటే, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె ఒక్కటే గొళ్ళెం ఊడిపోయి, తాడు కట్టి ఉంటుంది. తాళాలాయన ఇంట్లో తాడు కట్టిన పెట్టేమిటని చుట్టాలు నవ్వితే, ఆయన మాట మార్చేసేవాడు.

స్కానింగ్ సెంటర్లో ఆరుగురు వరుసలో కూర్చుని ఉన్నారు. ఎమ్మారై గది తలుపు మీద ఎర్ర లైటు, 'అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది' అని పెద్ద బోర్డు. బల్ల వెనకాల ముప్పై ఏళ్ళ టెక్నీషియన్ అమ్మాయి, చేతిలో నాలుగు పేజీల ఫారం.

"అంకుల్, ముందు జేబుల్లో ఉన్నవన్నీ ఈ ట్రేలో పెట్టండి."

పదిహేడు తాళంచెవులు, మడత కత్తి, ఆకురాయి, రెండు సన్న ఊచలు, చొక్కా జేబులోంచి గుప్పెడు పిన్నులు, చివరికి చెవి వెనకాల నుంచి ఒక స్క్రూ వచ్చాయి. వరుసలో వాళ్ళు మెడలు సాచి చూశారు.

"ఇంకేమైనా ఉన్నాయా?"

"కంటికి కనబడేవైతే ఇవేనమ్మా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. పక్కనే భార్య ఫ్యాను వైపు చూస్తోంది.

అమ్మాయి ఫారం చదవడం మొదలెట్టింది. గుండెలో పేస్‌మేకర్ ఉందా? లేదు. మెదడులో క్లిప్పు? లేదు. చెవిలో మిషను? లేదు. కంట్లో ఇనుప రజను పడిందా? అద్దాలు పెట్టుకునే పనిచేస్తాడు, పడలేదు. "కాళ్ళలో, చేతుల్లో ప్లేట్లు, రాడ్లు, స్క్రూలు?"

తాళాలాయన భార్య వైపు చూశాడు. ఒక్క నిమిషం ఆవిడ మంచినీళ్ళ కోసం వెళ్తే బాగుండు. "నీకు దాహం వేయట్లేదూ?" అని అడిగాడు. వేయట్లేదంది.

"లేవమ్మా" అన్నాడు నీరసంగా.

"ఒకటుండేదమ్మా" అంటూ ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి కళ్ళజోడు పెట్టె బల్ల మీద పెట్టింది. "ఇరవై రెండేళ్ళ కిందట వేశారు. ఏడాదికి తీయించుకున్నానని ఇది తెచ్చి నా చేతిలో పెట్టారు. ఏవండీ, అంతేనా?"

"అంతే" అన్నాడాయన. ఆ పెట్టె ఇంట్లోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి.

టెక్నీషియన్ అమ్మాయి ప్లేటుని వేళ్ళతో పట్టుకుని ముచ్చటగా చూసింది. బల్ల కాలికి దారంతో కట్టి ఉన్న చిన్న అయస్కాంతాన్ని అలవాటు కొద్దీ దాని దగ్గరికి తెచ్చింది. టక్! ప్లేటు ఎగిరి అతుక్కుంది. లాగితే రాలేదు. రెండు చేతులతో లాగితే వచ్చింది.

"అంకుల్, ఇది వట్టి ఇనుము!"

"అంటే... గట్టిదే కదమ్మా."

"ఒంట్లో వేసే ప్లేట్లకి ఇనుము వాడరండీ, తుప్పు పడుతుంది! వాళ్ళు వేసే లోహాలు ఇలా అతుక్కోవు. ప్లేటే ఇలా ఉంటే స్క్రూల సంగతేంటి? అన్నీ తీశారా? ఒక్కటైనా లోపల మిగిలిందా?" ఆ అమ్మాయి గొంతు పెరిగిపోతోంది. "లోపలున్న అయస్కాంతం ముందు ఇది ఆటబొమ్మండీ. ఇనుప స్క్రూ ఒక్కటి మిగిలినా కండలోంచి లాగేస్తుంది. నేను మిమ్మల్ని ఆ తలుపు దాటనివ్వను. ముందు కాలికి ఎక్స్‌రే తీయాలి."

ఎక్స్‌రే అనగానే తాళాలాయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఎక్స్‌రేలో స్క్రూలేమిటి, ప్లేటంతా నిక్షేపంలా కనబడుతుంది. ఆ ఫిల్ముని భార్య లైటుకి ఎత్తి పట్టుకుని చూస్తుంది. ఆరు వారాల అన్నం గుర్తుచేసుకుంటుంది.

"ఎక్స్‌రే వద్దమ్మా. ఆ మాటకొస్తే స్కాను కూడా వద్దు. ఇక్కడికొచ్చాక చెయ్యి బాగైపోయినట్టుంది. చూడు, కావాలంటే!" అంటూ ట్రేలోంచి ఒక తాళంచెవిని గర్వంగా తీయబోయాడు. జారింది. మళ్ళీ తీశాడు. జారింది. మూడోసారి చూపుడువేలు దాన్ని తాకిందో లేదో కూడా ఆయనకి తెలియలేదు. భార్య ఆ తాళంచెవిని తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది.

"ఎక్స్‌రే తీయించుకోండి" అంది మెల్లగా. "లేదా ఇంకేమైనా చెప్పాలనుంటే చెప్పండి. వింటాను."

ఆ రెండో మాట ఆయన చెవికెక్కలేదు. గౌను మార్చుకోవడానికి గదిలోకి వెళ్ళాడు. అక్కడ నిలబడి ఆలోచించాడు. ఆయన పిరికివాడే గాని మూర్ఖుడు కాడు. చెప్పకుండా ఆ యంత్రంలో పడుకోకూడదని తెలుసు. భార్యకి తెలియకుండా ఆ అమ్మాయి ఒక్కదానికే చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. పరదా సందులోంచి చెయ్యి ఊపి పిలిచాడు.

"అమ్మా, నీకొక్క రహస్యం. ఆ ప్లేటు నేనే చేశాను."

"ఏ ప్లేటండీ?"

"బల్ల మీదుందే, అదే. నా చేతులతో దుకాణంలో చేశాను. ఆకురాయి పట్టి, బెజ్జాలు వేసి, పాలిష్ పెట్టి. రెండు రోజులు పట్టింది. మా ఆవిడకి మాత్రం చెప్పకు."

అమ్మాయి కళ్ళు ఇంతలయ్యాయి. "డాక్టర్లకి తెలియదా?"

"వాళ్ళకెందుకు తెలుస్తుంది? వాళ్ళకి చెప్పి చేస్తానా? ఇప్పటిదాకా ఎవ్వరూ కనిపెట్టలేదమ్మా, అలా కుదిరింది." ఎంత కాదన్నా పనివాడు కదా, ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో కాస్త వెలుగొచ్చింది. "అసలు సంగతేంటంటే..."

అప్పుడే పరదా అవతల భార్య చెప్పుల చప్పుడయింది. ఆయన గబుక్కున పరదా వేసేసుకున్నాడు. అసలు సంగతి లోపలే ఉండిపోయింది. టెక్నీషియన్ అమ్మాయి ఆ సగం మాటని పట్టుకుని పెద్ద డాక్టరు గదికి పరుగెత్తింది. "సార్! ఒక పేషెంటు తన కాల్లో వేసే ప్లేటు తనే తయారుచేసుకున్నాడట సార్! వట్టి ఇనుముతో! డాక్టర్లకి తెలియకుండా!"

స్కాన్లు చదివే పెద్ద డాక్టరు ముప్పై ఏళ్ళుగా మెడలూ నడుములూ చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. టీ కప్పు చేత్తోనే పట్టుకుని వచ్చేశాడు. నడిచాడనడం కంటే దూకాడనడం నయం.

"ఎక్కడ? ఎక్కడా ప్లేటు? అబ్బ! తాళాలు చేసే మనిషా? తనే చేసుకున్నాడా? ప్రపంచంలో ఎక్కడా జరిగి ఉండదిది!" ప్లేటుని నేల మీద, కుర్చీ మీద, పక్కన స్కేలు పెట్టి, ఫోనుతో పద్నాలుగు ఫొటోలు తీశాడు. "ఏడాది పాటు ఇనుము ఎముకని అంటుకుని ఉండి, ఒక్క చుక్క తుప్పు లేదు! దీని మీద నేను వ్యాసం రాయాలి. కాదు, ముందు ఫిర్యాదు రాయాలి. పేషెంటు తెచ్చిన ఇనుప ముక్కని చూసుకోకుండా కాల్లో బిగించిన ఆ డాక్టరెవరమ్మా? వాడి సంగతి తేలుస్తాను!"

"పేరు గుర్తులేదు బాబూ" అంది భార్య. "పొడుగ్గా ఉండేవారు. ఆపరేషన్ చేస్తూ ఈల వేసేవారని నర్సులు చెప్పుకునేవాళ్ళు."

పెద్ద డాక్టరు చేతిలో కప్పు ఒరిగి టీ చొక్కా మీద పడింది. "ఈలా?" అన్నాడు. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. "ఆయన మా గురువుగారమ్మా! నాకు ఎముకని చూడటం నేర్పిందే ఆయన. ఆయన ఇనుము వేయడమేమిటి?"

ఆగలేకపోయాడు. అక్కడే, అందరి ముందే, స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. అవతల నుంచి ముసలి గొంతు హుషారుగా పలికింది. "ఏరా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"గురువుగారూ, ఎలా అడగాలో తెలియట్లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక తాళాలాయనకి మీరు కాల్లో ప్లేటు వేశారు. అది... అది ఇనుమని తేలింది. అతను ఇంట్లో చేసుకొచ్చిందట."

ఫోన్లో కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది.

"నేనా?" అంది గొంతు. హుషారంతా పోయింది. "నాకు డెబ్బై ఎనిమిది వచ్చాయిరా. ఈ మధ్య కొన్ని మరిచిపోతున్నాను, నిజమే. కానీ ప్రతి ప్లేటూ నేనే చూసుకుని, నేనే అందుకునేవాణ్ణి. ఎలా జరిగింది? ఆ మనిషి ఎలా ఉన్నాడు? కాలు ఏమైనా అయిందా? నా మూలంగా ఎవరైనా చెడిపోయారంటే..."

గౌను వేసుకుని పరదా వెనకాల నిలబడ్డ తాళాలాయన ఇదంతా విన్నాడు. ఆయనకి ఆ డాక్టరు బాగా గుర్తు. విరిగిన కాలితో ఏడుస్తుంటే తల నిమిరి, "రేపు పొద్దున ఈల వేస్తూ నడిపిస్తానయ్యా" అన్న మనిషి. ఆ మనిషి ఇప్పుడు తన వల్ల చేయని తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, ఈ గొడవలో ఎక్స్‌రే తప్పించుకుని ఇంటికి పోవచ్చు. ఆ నిమిషం ఆయన వల్ల కాలేదు.

పరదా చర్రుమని తెరుచుకుంది. గౌను వెనక నాడాలు కట్టుకోలేదన్న సంగతి కూడా మరిచిపోయి హాలు మధ్యకొచ్చి నిలబడ్డాడు.

"ఆ పెద్దాయన తప్పేం లేదు!" అని అరిచాడు. వరుసలో ఆరుగురూ లేచి నిలబడ్డారు. "ఆయన వేసిన ప్లేటు ఆయన వేసిన చోటే ఉంది! నా కాల్లోనే ఉంది! నేను తీయించుకోలేదు! గేటు దాకా వెళ్ళి, భయమేసి వచ్చేశాను. ఈ ఇనుప ముక్క ఒట్టి నాటకం. దుకాణంలో కూర్చుని చేశాను. కట్టు కూడా నేనే కట్టుకున్నాను. ఆరు వారాలు దొంగ మంచం పట్టాను!" చివరికి భార్య వైపు తిరిగాడు. "నువ్వు అన్నం కలిపి పెట్టేదానివి. ప్రతిరోజూ చెబ్దామనే అనుకునేవాణ్ణి. సిగ్గేసిందే."

హాలంతా ఆవిడ మొహం చూసింది. ఆవిడ గోడ గడియారం చూసింది.

"పదకొండూ ఐదు" అంది. "ఇరవై ఒక్క ఏళ్ళ నాలుగు నెలలు. పోనీలెండి, పదవీ విరమణ తర్వాతైనా ఫైలు కదిలింది."

హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కవరు తీసి టెక్నీషియన్ అమ్మాయికిచ్చింది. పైన పదకొండో నంబరు వేసి ఉంది. లోపల అరచేయంత కార్డు. కాల్లో వేసిన ప్లేటు ఏ లోహం, ఏ రకం, ఎవరు తయారుచేశారు, ఎన్ని స్క్రూలు, ఏ తేదీ, అన్నీ వివరంగా ఉన్నాయి. కింద డాక్టరుగారి సంతకం.

"టైటానియం ప్లేటు, నాలుగు స్క్రూలు" అని చదివింది అమ్మాయి. ఊపిరి పీల్చుకుంది. "ఆంటీ, ఇది మీ దగ్గరే ఉందా? మరి ముందే ఇవ్వచ్చు కదా!"

"నీకివ్వకుండా ఆయన్ని ఆ తలుపు దాటనిచ్చేదాన్ని కాదమ్మా. ఆయన నోటితో ఆయనే చెబుతారేమోనని చూశాను. అన్ని సందులిచ్చాను, చూశావుగా."

ఫోన్లోంచి సన్నగా ఈల వినబడింది. ముసలి డాక్టరు ఏదో పాత పాట ఎత్తుకున్నాడు. పెద్ద డాక్టరు టీ మరక మీద చెయ్యి పెట్టుకుని, పద్నాలుగు ఫొటోలూ ఒక్కొక్కటే చెరిపేయడం మొదలెట్టాడు.

తాళాలాయన మాత్రం తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. "నీకు... నీకెప్పుడు తెలిసింది?"

"మీరు కుంటుకుంటూ వచ్చిన రోజే. కట్టు మీద ఒక్క చుక్క రక్తం లేదు. పైగా మీరు తాళంచెవుల గుత్తికి వేసే ముడి వేశారు దానికి. మర్నాడే ఆసుపత్రికెళ్ళి అడిగితే, మీరు రానే లేదన్నారు. 'ప్లేటు ఉంటే ఏం నష్టం లేదమ్మా, ఈ కార్డు మాత్రం భద్రంగా ఉంచండి, ఎప్పుడైనా స్కాన్ తీస్తే కావాలి' అని డాక్టరుగారే ఇచ్చారు. ఉంచాను."

"మరి ఆ ఆరు వారాలూ..."

"కుడికాలికి కట్టు కట్టుకుని ఒకరోజు, ఎడమకాలికి కట్టుకుని ఒకరోజు పడుకునేవారు. నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని." అంతలో ఆవిడ గొంతులో కాస్త కోపం తొంగిచూసింది. "అదంతా సరేగానీ, ఇంకో సంగతి. అబద్ధానికి ఊళ్ళో ఇంకే ఇనుమూ దొరకలేదా? తాళంచెవి చేయమని ట్రంకు పెట్టె దుకాణానికి పంపిస్తే, మా అమ్మ ఇచ్చిన పెట్టె గొళ్ళెం పీకి పాలిష్ పడతారా? పాలిష్ పడితే పుట్టింటి గొళ్ళెం గుర్తుపట్టననుకున్నారా?"

వరుసలో ఒకాయన గట్టిగా చప్పట్లు కొట్టాడు. తన వంతు కూడా ఈ దంపతులకే ఇచ్చేస్తానన్నాడు. ఇంట్లో కూర్చుంటే ఇంత కాలక్షేపం ఎక్కడ దొరుకుతుందట.

"కోపం లేదా?" అని అడిగాడు తాళాలాయన.

"ఉండేది. భయపడినందుకు కాదు. భయపడ్డానని నాతో చెప్పుకోలేకపోయినందుకు." ఆవిడ ఆయన వెనక్కి వెళ్ళి గౌను నాడాలు ముడివేసింది. "ఇప్పుడు చెప్పారుగా."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళ బరువు దిగిపోయి ఒళ్ళు తేలికైపోయింది. అంత తేలికలో, అడగకుండానే ఇంకో నిజం కూడా చెప్పేశాడు. "ఆ గొట్టంలోకి వెళ్ళాలన్నా భయంగానే ఉందే. నువ్వు పక్కన ఉంటావా?"

అమ్మాయి కార్డు మీద నంబరుని కంప్యూటర్లో సరిచూసింది. పెద్ద డాక్టరు కూడా చూసి తలూపాడు. ఈ ప్లేటుతో స్కాన్ తీయవచ్చు. ఆవిడ లోపల కుర్చీలో కూర్చుని ఆయన పాదం పట్టుకోవచ్చు కూడా. గడియారంలో పదకొండున్నర. నరాల డాక్టరు వెళ్ళిపోవడానికి ఇంకా గంటన్నర ఉంది.

ఆ రోజు ఒంటిగంటకి పావుగంట ముందు ఫిల్ములు నరాల డాక్టరు బల్ల మీదికి చేరాయి. చిన్న ఆపరేషన్ చేస్తే వేళ్ళు తిరిగొస్తాయన్నాడు. ఆ ఆపరేషనుకి భార్య ఆయన్ని గేటు దగ్గర వదిలేయకుండా, చెయ్యి పట్టుకుని లోపలిదాకా తీసుకెళ్ళింది. వేళ్ళు తిరిగి వినడం మొదలెట్టాక ఆయన చేసిన మొదటి పని ట్రంకు పెట్టెకి కొత్త గొళ్ళెం బిగించడం. ఇదంతా తర్వాతి మాట. స్కాన్ గది తలుపు దగ్గర అంతకుముందే ఇంకో చిన్న సంగతి జరిగింది.

తాళాలాయన్ని లోపలికి పంపి, బల్ల మీద పడుకోబెట్టి వచ్చాక, టెక్నీషియన్ అమ్మాయి కొత్త ఫారం ఒకటి ఆవిడ ముందు పెట్టింది. "లోపలికొచ్చే ప్రతివాళ్ళూ నింపాలి ఆంటీ. రూలు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పద్ధతిగా, ఒక్కో ప్రశ్నకీ 'లేదు' అని రాసుకుంటూ వచ్చింది. 'కాళ్ళలో, చేతుల్లో ప్లేట్లు, రాడ్లు, స్క్రూలు' అన్న దగ్గర పెన్ను ఆగింది. తలుపు వైపు ఒకసారి చూసింది. హ్యాండ్‌బ్యాగులోంచి పన్నెండో నంబరు కవరు తీసి, అందులోని కార్డు అమ్మాయి ముందుకి జరిపింది. ఎడమ మణికట్టు, టైటానియం స్క్రూలు రెండు, పదేళ్ళ కిందటి తేదీ. ఫారంలో 'కారణం' అన్న గడిలో పొందికైన అక్షరాలతో 'అక్కగారి స్కూటర్ నేర్చుకుంటూ' అని రాసి, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"లోపల ఆయన అడిగితే మాత్రం, బెణుకనే చెప్పమ్మా" అంది.